థీసిస్‌లో మార్జిన్లు, లైన్ స్పేసింగ్: సమస్య - పరిష్కారం

థీసిస్ సబ్మిషన్ గడువు దగ్గర పడిందంటే అనంతపురంలో ఎస్కేయూ, జేఎన్‌టీయూ స్కాలర్లు పెన్‌డ్రైవ్ పట్టుకుని డీటీపీ సెంటర్ల చుట్టూ తిరుగుతారు. వాళ్ల వర్డ్ ఫైళ్లలో నేను ఎప్పుడూ సరిచేసేవి ఇవే.

సమస్య: ఎడమ మార్జిన్ 1.5 అంగుళాలు పెట్టినా, ప్రింట్ మీద స్కేలు పెడితే అంత రాదు.

ముందు పేపర్ సైజు చూడండి. మార్జిన్ అంకెలు పదేపదే మారుస్తారే గానీ దీన్ని మాత్రం ఎవరూ తెరవరు. ఫైలు లెటర్ సైజులో (8.5 × 11 అంగుళాలు), ట్రేలో కాగితం ఏ4లో (210 × 297 మి.మీ.) ఉంటే కొలత మారిపోవచ్చు. ఫైల్లో ఏ4 పెట్టండి. పీడీఎఫ్ ప్రింట్ తీసేటప్పుడు 'ఫిట్' కాదు, 'యాక్చువల్ సైజ్' ఎంచుకోండి.

సమస్య: కొన్ని పేజీలకే మార్జిన్ మారింది.

మధ్యలో సెక్షన్ బ్రేక్ (ఫైలును విడి భాగాలు చేసే గుర్తు) ఉండి ఉంటుంది. పేజ్ సెటప్‌లో 'అప్లై టు' దగ్గర 'హోల్ డాక్యుమెంట్' పెట్టండి. అడ్డం పేజీలుంటే వాటిని విడిగా చూసుకోండి.

సమస్య: అంతా 1.5 పెట్టినా వరుసల మధ్య దూరం ఒక్కలా లేదు.

అందరినీ ఏడిపించేది ఇదే. బైండింగ్ అయ్యాక గమనించి మళ్లీ ప్రింట్ తీయించుకున్నవాళ్లున్నారు. వర్డ్‌లో 1.5 అంటే పేజీ అంతటికీ ఒకే దూరం కాదు, ఆ వరుసలో ఉన్న ఎత్తైన ఫాంటును బట్టి లెక్క. పైన గుడులు, కింద వత్తులు పట్టాలి కాబట్టి గౌతమి లాంటి తెలుగు ఫాంట్లకు ఎత్తు ఎక్కువ. అందుకే ఇంగ్లీషు పేరాలో అన్నమయ్య పదం ఒక్క పాదం రాసినా ఆ వరుస ఎడంగా జరుగుతుంది. మళ్లీ 1.5 నొక్కితే ఏమీ మారదు.

నార్మల్ స్టైల్ మోడిఫై చేసి, పేరాగ్రాఫ్‌లో లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ'కి (ఫాంటు ఏదైనా ఒకే దూరం) మార్చండి. టైమ్స్ న్యూ రోమన్ 12 పాయింట్లకు 1.5 అంటే దాదాపు 21 పాయింట్లు. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటలున్న పేజీ ఒకటి ప్రింట్ తీసి చూడండి. వత్తులు తెగితే ఒక్కో పాయింటు పెంచండి. అప్పటికీ మారని పేరాలు చాలావరకు వేరేచోట నుంచి పేస్ట్ చేసినవే, వాటిలో కర్సర్ పెట్టి కంట్రోల్ క్యూ నొక్కండి. బొమ్మలున్న పేరాలకు మాత్రం 'సింగిల్' ఉంచాలి, లేకపోతే బొమ్మలో ఒక పట్టీ మాత్రమే కనిపిస్తుంది. యూనివర్సిటీ ఇచ్చిన ఫార్మాట్‌లో 1.5 అనే ఉంటే మీ గైడ్‌కు ముందే ఒక పేజీ చూపించండి.

పేరాగ్రాఫ్ సెట్టింగుల్లోని 'స్నాప్ టు గ్రిడ్' (వరుసలను కనిపించని గళ్లకు సర్దేది) వల్ల కూడా దూరం మారొచ్చు గానీ చాలా అరుదు. పైవన్నీ చూశాకే దాని జోలికి వెళ్లండి.