గ్రౌండ్ ఫ్లోర్‌లో రేడాన్: అగ్రిమెంట్‌లో ఏం రాయించాలి

చిత్తూరు చుట్టూ నేల కింద గ్రానైట్, నైస్ (gneiss) రాయి. అందులోని యురేనియం క్షీణిస్తుంటే రేడాన్ అనే వాయువు పుడుతుంది, నేల సందుల్లోంచి ఇంట్లోకి చేరుతుంది. రంగు, వాసన లేవు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణం. పొగ తాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

యూరోపియన్ యూనియన్ 2013 ఆదేశంలో ఇళ్లకు సూచించే స్థాయి ఘనపు మీటరు గాలికి 300 బెకరెల్స్ (రేడియోధార్మికతకు కొలత) దాటకూడదని పెట్టింది. డబ్ల్యూహెచ్‌ఓ 100 మేలంటుంది. కొత్త ఇల్లు కట్టేవాళ్లు మేస్త్రీతో రాసుకునే అగ్రిమెంట్‌లోనే కింది పనులు చేర్చండి. ఇదే జాబితాను ప్లాన్ మంజూరు షరతుల్లో పెట్టమని కార్పొరేషన్‌కు అర్జీ ఇవ్వండి.

బేస్‌మెంట్ మట్టి దిమ్మిస కొట్టాక 10 సెం.మీ. మందం 20 ఎంఎం కంకర పరవాలి. దుమ్ము కలిసిన కంకర వద్దు, గాలి ఆడదు. అందులో 4 అంగుళాల చిల్లుల పీవీసీ పైపు పడుకోబెట్టి, టీ (T) జాయింట్ వేసి, నేల కింది వాయువు పైకి పోయేలా నిలువు పైపును మిద్దె మీదికి తేవాలి. వేసవిలో మిద్దె మీదే పడుకుంటాం కదా, అందుకే కొస మనిషి ఎత్తు దాటాలి, కిటికీలకు 3 మీటర్ల దూరం ఉండాలి.

కంకరపై 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు, అతుకు దగ్గర 30 సెం.మీ. ఒకదాని మీదొకటి, టేపు. పని చెడేది ఇక్కడే: గంపలు మోసేవాళ్ల కాళ్ల కింద కంకర మొనలు గుచ్చుకుని షీటు చిరుగుతుంది. బెడ్ కాంక్రీట్ పోసే ముందు వంగి చూసి ప్రతి చిల్లుకూ అతుకు వేయించండి. నీళ్ల పైపులు నేలలోంచి లేచేచోట సందుల్ని సీలెంట్‌తో మూయించండి.

గృహప్రవేశం అయ్యాక పడకగదిలో రేడాన్‌ను కొలిచే ఆల్ఫా ట్రాక్ డిటెక్టర్ 3 నెలలు ఉంచండి. అంకె ఎక్కువొస్తే మిద్దె మీది పైపుకే ఫ్యాను బిగించాలి.