ఘనా ఆర్థిక వ్యవస్థలో వలస పాలన జాడలను గుర్తించడం ఎలా?

వలస పాలన ఒక దేశాన్ని ఎలా మలచిందో తెలుసుకోవాలనుకునేవారు తరచుగా స్వాతంత్ర్యం వచ్చిన రోజు దగ్గర చదవడం ఆపేస్తారు. ఘనా విషయంలో అది 1957 మార్చి 6. పరిశీలన ఆ తేదీని దాటి కనీసం పదేళ్లు ముందుకు సాగాలి. పాత ప్రభుత్వం వదిలివెళ్లిన సంస్థలలో కొత్త ప్రభుత్వం వేటిని రద్దు చేసింది, వేటిని తన చేతిలోకి తీసుకుంది అన్నది అప్పుడే తెలుస్తుంది.

మొదట రైలు మార్గాల పటం తీసుకోండి. బ్రిటిష్ పాలనలో ఘనాను గోల్డ్ కోస్ట్ అని పిలిచిన ఆ కాలంలో, సెకండి రేవు నుంచి బయలుదేరిన రైలు 1901లో టార్క్వా బంగారు గనులను, 1903లో కుమాసిని చేరింది. 1923 నాటికి అక్రా, కుమాసి కలిశాయి. 1928లో తకోరాది ఓడరేవు ప్రారంభమైంది. ఈ మార్గాలన్నీ గనులను, కోకో తోటలను సముద్రానికి కలిపేవే. గనులకూ తోటలకూ కూలీలను పంపిన ఉత్తర ప్రాంతానికి మాత్రం రైలు వెళ్లలేదు.

అయితే పటం చూసిన వెంటనే కోకోను కూడా బ్రిటిష్ వారి ఖాతాలో వేయకండి. 1879లో టెట్టే క్వార్షీ అనే వ్యక్తి ఫెర్నాండో పో ద్వీపం నుంచి కోకో గింజలు తెచ్చి నాటాడని ఘనాలో చెప్పుకుంటారు. తోటలు పెంచినవారు, అందుకోసం భూములు కొన్నవారు ఆఫ్రికన్ రైతులే. 1911 నాటికి ఆ దేశం కోకోలో ప్రపంచంలోనే మొదటి స్థానానికి చేరింది. సారవంతమైన ఎత్తైన భూములను యూరోపియన్ల కోసం కేటాయించిన కెన్యాతో పోల్చితే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. కనుక ఏ దేశం గురించి చదివినా భూమి ఎవరి చేతిలో మిగిలిందన్న ప్రశ్నను ముందే వేసుకోవాలి.

ఆ తర్వాతి ప్రశ్న, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, పంటను ఎవరు కొన్నారన్నది. 1937లో ప్రధాన యూరోపియన్ కంపెనీలు తమలో తాము పోటీ పడకుండా కోకో కొనాలని ఒప్పందం చేసుకున్నప్పుడు, రైతులు 1938 ఏప్రిల్ వరకు పంట అమ్మడం మానేశారు. యుద్ధకాలంలో ప్రభుత్వమే కొనుగోలును తన అదుపులోకి తీసుకుంది. 1947లో ఆ ఏర్పాటు కోకో మార్కెటింగ్ బోర్డుగా స్థిరపడింది. రైతును ధరల ఒడిదుడుకుల నుంచి కాపాడడం దాని ప్రకటిత ఉద్దేశం. ఆచరణలో ప్రపంచ ధరకూ రైతుకు ఇచ్చిన ధరకూ మధ్య తేడా నిల్వ నిధులుగా లండన్‌లో పేరుకుంది. 1954లో, బ్రిటిష్ గవర్నర్ ఇంకా కొనసాగుతుండగానే, క్వామే ఎన్‌క్రుమా నాయకత్వంలోని ఎన్నికైన ప్రభుత్వం రైతు ధరను 60 పౌండ్ల బరువున్న బస్తాకు 72 షిల్లింగులుగా నిర్ణయించి, ఆపై వచ్చే ఆదాయాన్ని అభివృద్ధి పనులకు మళ్లించే చట్టం చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో కుమాసిలో పుట్టిన జాతీయ విమోచన ఉద్యమం అనే పార్టీ ఈ ధర మీద ఆగ్రహాన్ని సమాఖ్య రాజ్యాంగం కావాలన్న డిమాండుతో జోడించింది. రైతుకు తక్కువ ధర ఇచ్చే పద్ధతి స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన ప్రభుత్వాల కాలంలోనూ కొనసాగింది. పంట సరిహద్దులు దాటి పొరుగు దేశాలకు దొంగచాటుగా వెళ్లింది. 1964-65లో 5 లక్షల టన్నులు దాటిన ఉత్పత్తి 1983-84 నాటికి సుమారు 1.6 లక్షల టన్నులకు పడిపోయింది. ఇందులో కరవు, కార్చిచ్చుల పాత్ర కూడా ఉంది కాబట్టి నింద మొత్తం ధర మీదే మోపడం సరికాదు.

కరెన్సీ సంగతి త్వరగానే తేలుతుంది. 1912 నుంచి లండన్‌లోని పశ్చిమాఫ్రికా కరెన్సీ బోర్డు డబ్బును జారీ చేసేది. 1957లో బ్యాంక్ ఆఫ్ ఘనా ఏర్పడింది, 1958లో ఘనా పౌండు, 1965లో సెడి వచ్చాయి.

చట్టాల దగ్గర మళ్లీ నెమ్మదించాలి. 1948 అల్లర్ల తర్వాత వలస ప్రభుత్వం ఎన్‌క్రుమాను, మరో రాజకీయ నాయకుడు జె.బి. డాన్క్వాను ఇంకో నలుగురితో కలిపి నిర్బంధించింది. పదేళ్లకు, 1958లో, ఎన్‌క్రుమా ప్రభుత్వమే విచారణ లేకుండా అయిదేళ్ల వరకు నిర్బంధించగల చట్టాన్ని తెచ్చింది. ఆ చట్టం కిందే నిర్బంధంలో ఉన్న డాన్క్వా 1965లో జైలులో మరణించాడు. ఇలాంటి సందర్భాలలో పాత అధికారాన్నీ కొత్త చట్టాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. సంప్రదాయ పెద్దల విషయం దీనికి భిన్నం: పరోక్ష పాలనలో బ్రిటిష్ వారు వారిని పన్నులకు, తీర్పులకు వాడుకున్నారు, కానీ ఆ పదవులు బ్రిటిష్ వారి కంటే పాతవి, 1992 రాజ్యాంగంలోని 270వ అధికరణం వాటికి హామీ ఇస్తుంది.

చివరిగా పొరుగు దేశంతో సరిచూడాలి. ఒకప్పుడు ఫ్రెంచి పాలనలో ఉన్న కోట్ డివ్వార్ (ఐవరీ కోస్ట్)లోనూ కోకో ధరను నిర్ణయించే ప్రభుత్వ సంస్థ ఉండేది, అది 1999లో రద్దయింది. పాలకులు వేరైనా ఏర్పాటు ఒకలాంటిదే అయినప్పుడు బ్రిటిష్ విధానమొక్కటే కారణమని చెప్పలేము. చెదురుమదురుగా ఉన్న లక్షల మంది రైతుల నుంచి ఆదాయపు పన్ను వసూలు చేయడం కంటే, ఓడరేవు దగ్గర ఒకే పంట మీద రాబడి తీసుకోవడం ఏ ప్రభుత్వానికైనా సులువు. అందుచేత ఆయా సంవత్సరాల బడ్జెట్లలో ఎగుమతుల నుంచి వచ్చిన వాటా ఎంతో చూసిన తర్వాతే, ఘనాలో కోకో బోర్డు ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకు జవాబు రాయాలి.