రెండు బైనాక్యులర్లలో ఏది మంచిదో ఇంట్లోనే తేల్చుకోవడం: సమస్య - పరిష్కారం

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని చూసి వచ్చాక చాలామందికి మంచి బైనాక్యులర్ మీద మనసు పడుతుంది. ఇంట్లో ఉన్న పాతదీ, స్నేహితుడి దగ్గర తెచ్చినదీ పట్టుకుని విజయవాడలో డాబా ఎక్కి, ఒకదాని తర్వాత ఒకటి చూసి అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. గాలి, చెయ్యి, కన్ను చేసిన తప్పు కూడా ఇలాంటప్పుడు లెన్స్ మీదే పడుతుంది. ముందు ఆ మూడింటినీ సరిచూసుకోవాలి.

సమస్య: దూరపు బొమ్మ అలలా కదులుతోంది.
కారణం: ఎండకు కాలిన డాబాల మీద నుంచి లేచే వేడిగాలి. బైనాక్యులర్ మీద రాసిన 10×42లో 10 అంటే బొమ్మను ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో (మాగ్నిఫికేషన్), 42 అంటే ముందు లెన్స్ వ్యాసం మి.మీ.లలో. 10×42లో ఈ కదలిక 8×42లో కన్నా పెద్దగా కనిపిస్తుంది. దాంతో పాపం 10×42కే చెడ్డపేరు వస్తుంది.
పరిష్కారం: ఎండ ముదరకముందే, తెల్లవారిన కాసేపటికే చూడండి. కిటికీ అద్దం వెనక నుంచి మాత్రం పోల్చకండి.

సమస్య: ఒకదాంట్లో అక్షరాలు చదవగలుగుతున్నాం, రెండోదాంట్లో కుదరడం లేదు.
కారణం: ఎక్కువసార్లు డయాప్టర్ (రెండు కళ్ల చూపులో తేడాను సరిచేసే రింగు) మీ కంటికి సరిపడా లేకపోవడం, లేదా చెయ్యి వణకడం.
పరిష్కారం: కుడివైపు ముందు లెన్స్ మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రంతో ఫోకస్ చెయ్యండి. తర్వాత ఎడమవైపు మూసి, చక్రాన్ని ముట్టుకోకుండా డయాప్టర్ రింగు (మామూలుగా కుడివైపు ఉంటుంది) తిప్పి సరిచేయండి. రెండు బైనాక్యులర్లకూ ఇలాగే చెయ్యాలి. ఇప్పుడు పిట్టగోడ మీద దిండు వేసి దానిమీద ఆనించండి, ట్రైపాడ్ ఉంటే మరీ మంచిది. పది పన్నెండు మీటర్ల దూరంలో తెలుగు పేపరు అంటించండి. ఈ పరీక్షకు మన లిపిని మించింది లేదు: ద, ధ, థ మధ్య తేడా అంతా చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది. థలోని చుక్క విడిగా కనిపిస్తోందా, లోపలంతా నల్లగా కలిసిపోయిందా చూడండి. రెండిటి మాగ్నిఫికేషన్ ఒకటే అయితేనే ఈ పోటీ న్యాయం. 8, 10 అయితే 10×ను ఆ లెక్కన వెనక్కి జరపండి: 8× పది మీటర్లలో ఉంటే 10× పన్నెండున్నర మీటర్లలో.

సమస్య: సాయంత్రం ఒకటి బాగా చీకటిగా ఉంది.
కారణం: ముందు లెన్స్ వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు వృత్తం సైజు వస్తుంది. 8×42కి అది 5.25 మి.మీ., 8×21కి 2.6 మి.మీ. చీకటి పడేకొద్దీ కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి అప్పుడు చిన్నది వెనకబడుతుంది. రెండిటి మీదా 8×42 అనే రాసి ఉన్నా తేడా ఉందంటే, లోపల ఏదో వెలుగుకు అడ్డం పడుతూ ఉండొచ్చు, కోటింగ్ (వెలుగు తిరిగి పోకుండా గాజు మీద వేసే పల్చటి పూత) నాసిరకం కావచ్చు. కోటింగ్ లేని ప్రతి గాజు ఉపరితలమూ సుమారు 4 శాతం వెలుగును తిప్పి కొడుతుంది.
పరిష్కారం: దూరపు వస్తువుకు ఫోకస్ పెట్టి, ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే వైపు లెన్స్) జానెడు దూరం నుంచి టార్చ్ వెయ్యండి. ముందు లెన్స్‌కు దగ్గరగా తెల్లకాగితం పట్టుకుని, పడిన వెలుగు వృత్తాన్ని స్కేలుతో కొలవండి. 42 ఉండాల్సినచోట 35 వస్తే ఆ పేరుకు విలువ లేదు, కొనకండి. తర్వాత ముందు లెన్స్‌లో ట్యూబ్‌లైట్ ప్రతిబింబాలు చూడండి. అన్నీ ఆకుపచ్చ, ఊదా రంగుల్లో మసకగా ఉంటే మంచిది. ఒక్కటైనా తెల్లగా మెరిస్తే ఆ ఉపరితలానికి కోటింగ్ లేదన్నమాట.

సమస్య: కాసేపు చూస్తే తలనొప్పి, బొమ్మ రెండుగా విడిపోతోంది.
కారణం: కిందపడో కుదుపుకో లోపలి ప్రిజం (బొమ్మను తలకిందులు కాకుండా నిలబెట్టే గాజు దిమ్మ) జరిగి, రెండు గొట్టాల దృష్టీ ఒకే దిక్కున లేకపోవడం.
పరిష్కారం: దూరంగా ఉన్న ఫ్లాట్ల పిట్టగోడ గీత చూస్తూ బైనాక్యులర్‌ను కంటి నుంచి మెల్లగా దూరం జరపండి. రెండు వృత్తాల్లో గీత ఒకే ఎత్తున ఉండాలి. ఎత్తులో తేడాను కళ్లు పెద్దగా ఓర్చుకోలేవు. దీన్ని ఇంట్లో స్క్రూలు విప్పి బాగుచేయబోకండి, పని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.

సమస్య: తెల్లటి ఆకాశం మీద కరెంటు తీగకు ఊదా అంచు.
కారణం, పరిష్కారం: కన్ను ఐపీస్‌కు సరిగ్గా మధ్యలో లేకపోయినా ఇది పెరుగుతుంది, ముందు అది సరిచూడండి. అయినా ఉంటే అది గాజు గుణమే. ఈడీ గాజు (రంగులు విడిపోవడాన్ని తగ్గించే ప్రత్యేక గాజు) ఉన్నదాంట్లో తక్కువగా ఉంటుంది.

సమస్య: అంతా పాలిపోయినట్టు, కాంట్రాస్ట్ లేకుండా ఉంది.
కారణం: ఏసీ గదిలోంచి ఉక్కలోకి తెస్తే పైన పట్టే ఆవిరి కొద్దిసేపట్లో పోతుంది. పోకపోతే లోపలి చెమ్మ, లేదా ఫంగస్. టార్చ్ వేసి ముందు నుంచి చూస్తే ఫంగస్ సాలెగూడులా కనిపిస్తుంది.
పరిష్కారం: లోపలి ఫంగస్‌ను మెకానిక్ శుభ్రం చేయాలి. ఆలస్యం చేస్తే కోటింగ్‌ను తినేస్తుంది. తోలు సంచిలో కాకుండా, గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. వానాకాలంలో ఆ పొట్లాలు తరచూ మార్చండి.