మన ఇంటి కాకటీల్ – 3వ పాఠం: మొదటి ఆకు

గత పాఠంలో కాకటీల్‌ను, అంటే తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుకను, కాటా మీద నిలబెట్టి బరువు రాసుకోవడం నేర్చుకున్నాం. ఆ నోట్‌బుక్ ఈ వారం చేతికి అందేలా ఉంచండి. ఎదిగిన కాకటీల్ సాధారణంగా 80 నుంచి 120 గ్రాములే ఉంటుంది. అందులో 10 గ్రాములు తగ్గినా పెద్ద నష్టమే.

వట్టి గింజలతో పెరిగిన పక్షికి విటమిన్ ఎ సరిగా అందదు. పొద్దుతిరుగుడు గింజలు ఎక్కువైతే కాలేయానికి కొవ్వు పడుతుంది. అందుకే ఆకు అలవాటు చేయాలి. కొత్తిమీరతో మొదలుపెట్టండి. విశాఖలో ఎంవీపీ కాలనీ రైతు బజారుకు పొద్దున్నే వెళ్తే లేత కట్ట దొరుకుతుంది. పురుగుమందుల అవశేషాలు ఉండొచ్చు కాబట్టి రెండు మూడు నీళ్లలో బాగా కడగండి.

గిన్నెలో తరిగి పెడితే చాలా పక్షులు ముట్టవు. కొత్త వస్తువంటే వాటికి భయం. నాలుగు రెమ్మలు తడిగానే కలిపి, పక్షి కూర్చునే కొమ్మ పక్కన క్లిప్పుతో వేలాడదీయండి. తడి ఆకుల్లో ఒళ్లు రుద్దుకోవడం చాలా కాకటీల్స్‌కు ఇష్టం. అలా ఆడుతూనే రుచి చూస్తాయి. మీరూ దాని ముందు ఒక రెమ్మ నమలండి. మా పక్షి మొదటి ఆకు కొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నాకు టెన్షనే, కానీ గింజలు మాత్రం ఆపలేదు. మీరూ ఆపకండి. ఆకలికి మాడ్చి అలవాటు చేయడం ప్రమాదం.

కొత్తిమీర తిన్నాక మునగాకు, క్యారెట్ తురుము, ఉడికించిన చిలగడదుంప ఇవ్వండి. పాలకూర ఎప్పుడైనా కొంచెం చాలు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. యాపిల్ ఇస్తే గింజలు తీసేయండి. అవకాడో, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, టీ అసలు వద్దు.

విశాఖ ఉక్కలో తడి ఆకు త్వరగా పాడవుతుంది. రెండు గంటల్లో తీసేయండి.

బాల్కనీ కుండీలూ చూసుకోండి. మందారం పువ్వు కొరికినా భయం లేదు. గన్నేరు మాత్రం ప్రాణం తీస్తుంది. మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా నోరు, గొంతు మండిస్తాయి. పక్షిని బయటికి వదిలే ఇంట్లో ఈ మూడూ ఉండకూడదు.

ఈ వారం అభ్యాసం: రోజూ ఒకే వేళకు కొత్తిమీర కట్టండి, బరువు రాయండి. పదో వంతు తగ్గితే ఆలస్యం చేయకుండా పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించండి. 4వ పాఠంలో పెసలు మొలకెత్తిద్దాం.