జపనీస్‌కి తెలుగు సాయం

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర జపనీస్ కోచింగ్‌కి డబ్బు కట్టి రెండు నెలలకే మానేశాను. నేర్చుకున్న మాట వారానికే మర్చిపోయేదాన్ని. ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టా. గళ్ళ నోటుబుక్కులో రోజుకు ఐదు చొప్పున 46 హిరగానా (జపనీస్‌లో మొదట నేర్చుకునే లిపి) అక్షరాలు దిద్దాను. ఫోన్‌లో ఆంకీడ్రాయిడ్ అనే, మాటలు గుర్తుపెట్టుకునే కార్డుల యాప్ వేసుకున్నా, ఉచితం. తప్పిన కార్డుని వెంటనే, వచ్చినదాన్ని కొన్ని రోజులాగి చూపిస్తుంది. వినడానికి జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వరల్డ్ పాఠాలు, అవీ ఉచితమే.

నాకు నిజంగా కలిసొచ్చింది మాత్రం తెలుగే. ఇంగ్లీషులోంచి అర్థం చేసుకోవడం మానేశాను. జపనీస్‌లో 'విజయవాడ-ని ఇకిమస్' అంటే 'విజయవాడ-కి వెళ్తాను'. విభక్తి మాట వెనకే, క్రియ చివరే! ఎంత హాయి! లెనిన్ సెంటర్‌ పాత పుస్తకాల షాపుల్లో జపనీస్ వ్యాకరణ పుస్తకం దొరికితే తీసుకోండి, జవాబులు రాసేసిన వర్క్‌బుక్ మాత్రం వద్దు. ఇప్పుడిక కంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) మొదలుపెట్టాలి.