తక్కువ ఫీజు, మంచి క్యాంపస్ లైఫ్: రెండూ ఉన్న కాలేజీని ఎలా వెతుక్కోవాలి

ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో ర్యాంకు రాగానే ఇంట్లో నడిచే మాటలన్నీ రెండింటి చుట్టూనే తిరుగుతయి, ప్లేస్‌మెంట్స్ ఎట్లున్నయి, ఫీజు ఎంత. అక్కడ లైఫ్ ఎట్లుంటది అనే మూడో ప్రశ్న పిల్లల మనసులో ఉంటది కానీ అమ్మానాన్నల ముందు అడగలేరు. నిజానికి అడగాల్సిన ప్రశ్నే అది. రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పొద్దున నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చొని వచ్చిన పిల్లలకి నలుగురితో కలిసి పని చేయడం, స్టేజీ ఎక్కి మాట్లాడటం, కొత్తవాళ్లతో స్నేహం చేయడం అన్నీ ఈ నాలుగేళ్లలోనే రావాలి. ఇంకో మాట, మంచి లైఫ్ కావాలంటే ఎక్కువ డబ్బు పెట్టాలని చాలామంది అనుకుంటారు, మన దగ్గర చాలాసార్లు ఉల్టా ఉంటది, సందడి ఎక్కువున్న క్యాంపస్‌లు తక్కువ ఫీజువే.

ముందు డబ్బు లెక్క తేల్చుకోండి. కాలేజీ వాళ్లు చెప్పే ట్యూషన్ ఫీజు ఒక్కటే చూడకండి, నాలుగేళ్లకి మొత్తం ఎంతయితదో ఒక పేపర్ మీద రాయండి. ఉదాహరణకి ట్యూషన్ ఏడాదికి 1,00,000 అనుకుందాం, ప్రభుత్వం నుంచి 35,000 ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తే చేతి నుంచి పెట్టేది 65,000, నాలుగేళ్లకి 2,60,000. ఇక్కడిదాకా అందరూ లెక్కేస్తారు. కాలేజీ బస్సుకి ఏడాదికి 35,000 అయితే అదే ఇంకో 1,40,000, దాని మీద ఎగ్జామ్ ఫీజులు, ల్యాబ్ రికార్డులు, యూనిఫాం, కొన్ని చోట్ల కాలేజీవాళ్లే పెట్టే ట్రైనింగ్ ఫీజు, ఇట్లా పోతనే ఉంటది. అందుకే ట్యూషన్ కొంచెం ఎక్కువున్నా సిటీ బస్సు ఎక్కి పోగలిగే కాలేజీ చివరికి చవకగా తేలడం మామూలే. అమ్మాయిలకి ఇది ఇంకా పెద్ద తేడా, 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో మహాలక్ష్మి కింద ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి స్త్రీశక్తి ఉంది, కాబట్టి ఆర్టీసీ రూట్ మీద ఉన్న కాలేజీ అయితే రాకపోకల ఖర్చు దాదాపు పోయినట్టే.

రీయింబర్స్‌మెంట్ గురించి కొన్ని విషయాలు ముందే తెలిసుండాలి. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకి ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటే మొత్తం ఫీజు, దాటితే 35,000 వరకే. మీ కుటుంబానికి ఆదాయ పరిమితి ఎంతో స్కాలర్‌షిప్‌లకి అప్లై చేసే ఈపాస్ సైట్‌లో చూస్కోండి, ఇన్‌కమ్ సర్టిఫికెట్ కౌన్సెలింగ్ మొదలవ్వక ముందే మీసేవలో తీసి పెట్టుకోండి. ముఖ్యమైనది ఏంటంటే ఇది కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుకే, మేనేజ్‌మెంట్ కోటాకి రాదు, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకి చేసే స్పాట్ అడ్మిషన్‌కీ రాదు. సీటు మిగిలింది, స్పాట్‌లో ఇప్పిస్తాం అని ఎవరైనా ఫోన్ చేస్తే తొందరపడి సర్టిఫికెట్లు ఇవ్వకండి. డొనేషన్ అడిగే కాలేజీ ఎంత బాగున్నా వద్దు, దీన్నే క్యాపిటేషన్ ఫీజు అంటరు, 1983 నుంచి చట్టప్రకారం నిషేధం, రసీదు లేకుండా తీసుకున్న డబ్బు మళ్లీ రాదు. ఇంకోటి, ప్రభుత్వం నుంచి బకాయిలు లేటైతే కొన్ని కాలేజీలు ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం అంటయి, లేకపోతే సర్టిఫికెట్లు ఆపుతయి. ఈ కాలేజీలో ఎట్ల చేస్తున్నారో ఫైనలియర్ వాళ్లని అడిగితే ఒక్క నిమిషంలో చెప్తారు.

జేఈఈ మెయిన్ రాసినవాళ్లు ఒకటి మిస్ అవుతుంటారు. వరంగల్ ఎన్‌ఐటీ ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కి 62,500 అని చూసి మనవల్ల కాదులే అని వదిలేస్తారు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి ట్యూషన్ ఫీజే లేదు. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ, అంటే కట్టేది మూడో వంతు. పైగా సగం సీట్లు హోమ్ స్టేట్ వాళ్లకే, తెలంగాణ పిల్లలకి వరంగల్, ఆంధ్ర పిల్లలకి తాడేపల్లిగూడెం. స్ప్రింగ్ స్ప్రీ, టెక్నోజియాన్ లాంటి ఫెస్ట్‌లు వరంగల్‌లో పిల్లలే నడుపుతరు, అందరూ హాస్టల్లోనే ఉంటారు కాబట్టి రాత్రి పదికి కూడా క్యాంపస్‌లో ఏదో ఒక ప్రాక్టీసు నడుస్తనే ఉంటది.

సరే, ఇప్పుడు లైఫ్ ఉందో లేదో కనిపెట్టడం ఎట్లా. నేను అందరికీ చెప్పేది ఒకటే, సాయంత్రం నాలుగున్నరకి ఆ కాలేజీ గేటు దగ్గరికి పోయి నిలబడండి. పొద్దున పది గంటలకి ఏ కాలేజీ అయినా నిండుగానే కనిపిస్తది. హైదరాబాద్ శివార్లలో ఇబ్రహీంపట్నం వైపు, మేడ్చల్ వైపు, కీసర వైపు ఉన్న చాలా కాలేజీల్లో సాయంత్రం బస్సులన్నీ ఒకేసారి బయల్దేరతయి, అవి పోయాక అరగంటలో క్యాంపస్ మొత్తం ఖాళీ, వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. బస్సు మిస్ అయితే ఇంటికి పోవడమే కష్టం అయినప్పుడు క్లబ్ మీటింగ్‌కి ఎవడు ఆగుతడు, గ్రౌండ్‌లో ఆడేదెవడు. పిల్లలు మంచోళ్లే, టాలెంటూ ఉంటది, కానీ కలిసి కూర్చునే టైమే ఉండదు. అదే క్యాంపస్‌లో హాస్టల్ ఉన్న చోట, లేదా మెట్రో, ఆర్టీసీ దగ్గరున్న చోట ఆరు ఏడు దాకా క్యాంటీన్లో, గ్రౌండ్‌లో, ఆడిటోరియం మెట్ల మీద జనం కనిపిస్తరు. కాబట్టి కాలేజీకి ఫోన్ చేసినప్పుడు ఫెస్ట్ జరుగుతదా అని అడగకండి, అందరూ జరుగుతది అనే అంటరు. లాస్ట్ బస్సు ఎన్నింటికి అని అడగండి, క్లబ్బుల కోసం లేట్ బస్సు ఒకటైనా వేస్తరా అని అడగండి.

తర్వాత క్లబ్బుల ఇన్‌స్టా పేజీలు తీయండి, కాలేజీ అఫీషియల్ పేజీ కాదు, పిల్లలు నడిపే డాన్స్ క్లబ్, ఫొటోగ్రఫీ క్లబ్, తెలుగు సాహితీ క్లబ్, కోడింగ్ క్లబ్ పేజీలు. పోస్టుల తేదీలు చూడండి. ఏడాదిలో ఫెస్ట్ జరిగిన వారం మాత్రమే పోస్టులుండి మిగతా పదకొండు నెలలు ఖాళీగా ఉంటే అక్కడ ఫెస్ట్ ఉంది కానీ లైఫ్ లేదు. సినిమావాళ్లని పిలిచి పెద్ద స్టేజీ వేసి చేసే ఫెస్ట్ చూసి మోసపోవద్దు, దానికి పిల్లల దగ్గర కంట్రిబ్యూషన్ ఎంత వసూలు చేశారో కూడా అడగండి. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ యూనిట్ ఉందా అనేది తప్పకుండా చూడండి, వీటిని ఎవరూ పట్టించుకోరు కానీ పైసా ఖర్చు లేకుండా వేరే బ్రాంచ్‌ల వాళ్లు, వేరే ఊళ్ల వాళ్లు పరిచయం అయ్యేది ఇక్కడే. ఎన్‌ఎస్‌ఎస్ స్పెషల్ క్యాంపు ఏడు రోజులు ఒక ఊర్లో ఉండి కలిసి పనిచేసి కలిసి తిన్న బ్యాచ్ ఎట్లుంటదో ఆ క్యాంపుకి పోయొచ్చిన వాళ్లని అడగండి, నాకు తెలిసిన చాలామందికి ఇప్పటికీ ప్రాణస్నేహితులు వాళ్లే.

రూల్స్ సంగతి చూడకుండా చేరి ఏడ్చేవాళ్లు చాలామంది. కొన్ని ప్రైవేట్ కాలేజీల్లో అమ్మాయిలకి వేరే మెట్లు, అబ్బాయిలకి వేరే మెట్లు ఉంటయి, ఇద్దరు మాట్లాడుకుంటే ఇంటికి ఫోన్ పోతది, ఫోన్ గేటు దగ్గరే తీసేస్కుంటరు. ఇంటర్ మళ్లీ నాలుగేళ్లు చదివినట్టే. ఇవి వెబ్‌సైట్లో రాయరు, సెకండియర్ పిల్లల్ని ముఖ్యంగా అమ్మాయిల్ని అడగండి, హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తరు, లోకల్ ఔటింగ్ వారానికి ఎన్నిసార్లు, లైబ్రరీ నుంచి లేటుగా వస్తే ఏం చేస్తరు అని. అటెండెన్స్ 75 శాతం యూనివర్సిటీ రూలే, దాన్ని తప్పించుకోలేం, కానీ ఫెస్ట్ పనికి, మ్యాచ్‌కి పోయిన రోజు అటెండెన్స్ ఇస్తరా లేదా అన్నది కాలేజీని బట్టి మారుతది. ర్యాగింగ్ గురించి భయం ఉంటే నేషనల్ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబర్ సేవ్ చేస్కోండి, రాత్రైనా పగలైనా పనిచేస్తది.

ఇంజినీరింగే కావాలని పట్టుదల లేనివాళ్లకి నా సలహా వేరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నయి, సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ రాయాలి, ట్యూషన్ ప్రైవేట్ ఇంజినీరింగ్ ఫీజుల పక్కన పెడితే చాలా తక్కువ, దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఉంటరు, సుకూన్ ఫెస్ట్ ఉంది, స్టూడెంట్స్ యూనియన్ ఎన్నికలు జరుగుతయి, సాయంత్రం క్యాంపస్‌లో షాప్‌కామ్ అనే షాపుల కాంప్లెక్స్ దగ్గర చాయ్ తాగుతూ కూర్చుంటే తెలుగు, మలయాళం, బెంగాలీ, హిందీ అన్నీ వినిపిస్తయి. సిటీ నడిమధ్యలో కావాలంటే 1887లో పెట్టిన నిజాం కాలేజీ ఉంది, బషీర్‌బాగ్‌లో, ఎటు నుంచైనా బస్సు దొరుకుతది, డిగ్రీ అడ్మిషన్ల సైట్ దోస్త్‌లో ఆప్షన్ పెట్టుకోవచ్చు. అమ్మాయిలకి కోఠీ ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో యూనివర్సిటీ. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ, ఇక్కడ ఓయూ, జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీలు ఆయా రాష్ట్రాల ఎప్‌సెట్‌తోనే వస్తయి, కాకపోతే ఇట్లాంటి యూనివర్సిటీ కాలేజీల్లో కొన్నిట్లో రెగ్యులర్, సెల్ఫ్ ఫైనాన్స్ అని రెండు రకాల సీట్లుంటయి, ఫీజులో చాలా తేడా, ఆప్షన్ పెట్టేటప్పుడు ఏ కోడ్ దేనిదో సరిగ్గా చూడండి. బిల్డింగులు పాతవి, మెస్ అన్నం గురించి కంప్లైంట్లు ఉంటయి, అవి నిజమే, అయినా హాస్టల్ దొరికేటట్టు ఉంటే నేనైతే వీటినే ముందు పెట్టమంటాను. ఇంట్లో తమ్ముడో చెల్లో టెన్త్‌లో ఉంటే ట్రిపుల్ ఐటీల గురించి కూడా చెప్పండి, బాసర, నూజివీడు లాంటివి, టెన్త్ మార్కుల మీదే సీటు, ఆరేళ్లు హాస్టల్లోనే.

చివరగా వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్ సైట్‌లో కాలేజీలని వరసగా పెట్టడం. మీరు చూసొచ్చిన కాలేజీలన్నీ మీకు నచ్చిన వరసలోనే పెట్టండి, ర్యాంకుకి వస్తదో రాదో అని పైనున్నదాన్ని కిందికి దించకండి, రాకపోతే సిస్టమే కిందిదానికి పోతది, నష్టం ఏమీ లేదు. పోలేకపోయిన కాలేజీ ఉంటే కనీసం ఇద్దరు సీనియర్లతో మాట్లాడకుండా లిస్టులో పెట్టకండి, ఒకళ్లు హాస్టలర్, ఒకళ్లు డే స్కాలర్ అయితే మంచిది. ఆప్షన్లు ఫ్రీజ్, అంటే ఖరారు చేసేముందు ఇంట్లో కూర్చొని ఆ నాలుగేళ్ల లెక్క పేపర్, లాస్ట్ బస్సు టైమ్ రెండూ అమ్మానాన్నలకి చూపించి మాట్లాడండి.