పీటీఏ లెక్కలు తప్పుతుంటే ఏం చేయాలి?

అమెరికాలో పిల్లల స్కూలు పీటీఏకో, పీటీఓకో (తల్లిదండ్రులు, టీచర్లు కలిసి నడిపే సంఘాలు) ట్రెజరర్ బాధ్యత తీసుకున్న తెలుగు తల్లిదండ్రుల కోసం ఇది.

సమస్య: పన్ను మినహాయింపు రద్దయిందని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఉత్తరం వచ్చింది

కారణం: వరుసగా మూడేళ్లు వార్షిక రిటర్న్ వేయలేదు. అలా జరిగితే చట్టప్రకారం 501(సి)(3) హోదా, అంటే సేవాసంఘాలకిచ్చే పన్ను మినహాయింపు, దానంతటదే పోతుంది. కట్టాల్సిన పన్నే లేనప్పుడు రిటర్న్ ఎందుకని ఒక ట్రెజరర్ వదిలేస్తారు. తర్వాత వచ్చినవాళ్లకు ఆ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. ఐఆర్‌ఎస్ ఉత్తరాలేమో ఎప్పుడో మానేసిన ట్రెజరర్ ఇంటికి పోతుంటాయి.

పరిష్కారం: కంగారు పడకండి. మీది పెద్ద సంఘానికి అనుబంధ యూనిట్ అయితే ముందు రాష్ట్ర పీటీఏతో మాట్లాడండి. విడి సంఘమైతే, రద్దు కావడం ఇదే మొదటిసారి, రాబడి ఏడాదికి 50,000 డాలర్లు దాటకపోతే, ఆ ఉత్తరం తేదీ నుంచి 15 నెలల్లోపు ఫారం 1023-ఈజెడ్ (మినహాయింపు కోసం పెట్టే చిన్న దరఖాస్తు) పెట్టి రద్దయిన తేదీ నుంచే హోదా తిరిగి పొందవచ్చు. ఫీజు 275 డాలర్లు.

మళ్లీ ఇలా కాకుండా చూసుకోవడం చాలా తేలిక. రాబడి మామూలుగా ఏడాదికి 50,000 డాలర్లు దాటకపోతే వార్షిక రిటర్న్‌గా ఫారం 990-ఎన్ చాలు. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని, ఫీజు లేదు. మీ లెక్కల సంవత్సరం జూన్ 30తో ముగిస్తే గడువు నవంబర్ 15. ఐఆర్‌ఎస్ దగ్గర సంఘం తరఫున నమోదైన బాధ్యుడు మారితే, ఆ మార్పు తెలిపే ఫారం 8822-బి 60 రోజుల్లో పంపండి.

సమస్య: పుస్తకంలో ఒకటి, బ్యాంకులో ఒకటి

కారణం: చాలాసార్లు నగదే. బేక్ సేల్ అయ్యాక డబ్బాలోని నలిగిన డాలర్ నోట్లు, క్వార్టర్లు ఒక్కరే ఇంటికి తీసుకెళ్లి లెక్కపెడతారు. తేడా వస్తే ఎవరూ ఏమీ తేల్చలేరు, మాట మాత్రం ఆ మనిషి మీదికే వస్తుంది.

పరిష్కారం: అక్కడికక్కడే ఇద్దరు లెక్కపెట్టి, చీటీ మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్‌ని చెక్కుల మీద సంతకం చేయని మనిషి నెలనెలా చూడాలి. ఇది అనుమానం కాదు, డబ్బు పట్టుకున్నవాళ్లకి రక్షణ.

సమస్య: ఏటేటా నిల్వ పెరుగుతూనే ఉంది

కారణం: ఖర్చు చేయడానికి భయం.

పరిష్కారం: వచ్చే స్కూలు ఏడాది మొదట్లో, సెప్టెంబర్ ఖర్చులకు సరిపడా ఉంచి, మిగతాది ఈ ఏడాది పిల్లలకే వాడండి. ఆటస్థలం లాంటి పెద్ద పని కోసం దాస్తుంటే, ఆ మొత్తాన్ని బడ్జెట్లో విడిగా రాసి సభ్యుల ఓటు తీసుకోండి.